‘ముందు ఇది కానివ్వండి’: మహిళా రిజర్వేషన్ మీద ఆడవాళ్లే పడ్డ గొడవ

లోక్‌సభలో, అసెంబ్లీల్లో మహిళలకు మూడో వంతు సీట్లు అనగానే అందరికీ తెలిసిన కథ ఒకటుంది. ఆడవాళ్లు అడిగారు, మగవాళ్లు అడ్డుపడ్డారు, 1996లో పెట్టిన బిల్లు 2023లో గట్టెక్కేదాకా 27 ఏళ్లు పట్టింది. ఇందులో అబద్ధమేమీ లేదు. కానీ ఒక పెద్ద ముక్క రాలిపోయింది. రిజర్వేషన్ మీద అసలు పదునైన వాదన ఆడవాళ్ల మధ్యే జరిగింది. స్త్రీల హక్కుల కోసం జీవితాలు ధారపోసినవాళ్లే ఎదురెదురుగా నిలబడ్డారు. 1931లో ఒక రకంగా, 1974లో ఒక రకంగా, 1996 తర్వాత ఇంకో రకంగా.

ఆ వాదనలో కొన్ని ఘట్టాలు ముచ్చటగా ఉంటాయి. నిన్నటి మాటను ఇవాళ వెనక్కి తీసుకోవడానికి సిగ్గుపడని పెద్ద మనుషులు కనిపిస్తారు. కొన్ని ఘట్టాలు చదువుతుంటే చిరాకేస్తుంది, అవతలి మనిషి అడిగింది వినకుండానే ఆమె ఎవరి తరఫున మాట్లాడుతోందో తేల్చేస్తారు. ఈ తేడా ఎక్కడ మొదలైందో చూడాలి.

ముందు చిక్కు విప్పుకోవాలి. ‘మహిళా రిజర్వేషన్‌కు మీరు అనుకూలమా, వ్యతిరేకమా’ అని అడిగితే అది ఒక్క ప్రశ్నలా వినిపిస్తుంది గానీ, లోపల నాలుగున్నాయి. అసలు కోటా కావాలా? కావాలంటే ఏ పద్ధతిలో? ఆ సీట్లు ఏ ఆడవాళ్లకు? ఎప్పటి నుంచి? మొదటిదానికి అవునన్న మనిషి రెండోదానికి కాదనొచ్చు. మూడోదాని మీద పట్టుబట్టిన మనిషి మొదటిదానికి శత్రువు కానక్కర్లేదు. ఈ నాలుగింటినీ ఒకే మూటలో కట్టేసినప్పుడల్లా వాదన కాస్తా తిట్లలోకి దిగింది.

లండన్‌లో మొదలు

1930లో భారత రాజ్యాంగ సంస్కరణల మీద బ్రిటిష్ ప్రభుత్వం పెట్టిన మొదటి రౌండ్ టేబుల్ సమావేశానికి మన దేశం నుంచి ఇద్దరు స్త్రీలు వెళ్లారు: బేగం జహనారా షానవాజ్, రాధాబాయి సుబ్బరాయన్. కొంతకాలం పాటైనా చట్టసభల్లో స్త్రీలకు సీట్లు కేటాయించాలని ఇద్దరూ అడిగారు. దేశంలోని పెద్ద మహిళా సంఘాలకు ఈ మాట నచ్చలేదు. వయోజనులందరికీ ఓటు ఇవ్వండి, ఆడ మగ తేడా లేకుండా పోటీ చేయనివ్వండి, ప్రత్యేక సీట్లు మాత్రం వద్దు అన్నాయవి.

మరుసటి ఏడాది రెండో సమావేశానికి మన హైదరాబాద్ సరోజినీ నాయుడు వెళ్లారు. స్త్రీలకు ఎలాంటి ప్రత్యేక సదుపాయం వద్దు, సమానత్వం చాలు అంటూ వినతిపత్రం ఇచ్చారు. ఆమెతో కలిసి ఆ పత్రం ఇచ్చింది, ఏడాది కిందట సీట్లు అడిగిన షానవాజే! రాధాబాయి మాత్రం తన మాట మీదే ఉండిపోయారు.

ఇద్దరి భయాలూ తేలిగ్గా కొట్టేయదగ్గవి కావు. ఆడవాళ్లను విడిగా ఒక వర్గంగా లెక్కగడితే, తెల్లవాళ్లు దేశాన్ని మతాల వారీగా పంచినట్టే వాళ్లనూ పంచేస్తారన్నది సరోజిని వైపు భయం. సీట్లు పక్కన పెట్టకపోతే ఏ పార్టీ కూడా ఆడవాళ్లకు టికెట్ ఇవ్వదు, ఓటు హక్కొచ్చినా సభలో అడుగుపెట్టేది లేదన్నది రాధాబాయి భయం. 1932 ఆగస్టులో చట్టసభల సీట్లు పంచుతూ బ్రిటిష్ ప్రభుత్వం ఇచ్చిన కమ్యూనల్ అవార్డు స్త్రీల సీట్లను కూడా మతాల వారీగానే పంచింది. ఇక స్వతంత్ర భారతంలో ఏడు దశాబ్దాలు గడిచాక కూడా లోక్‌సభలో మహిళలు పదిహేను శాతానికి చేరలేదు, 2024లో గెలిచినవాళ్లు 74 మంది. అంటే ఇద్దరు చెప్పిందీ జరిగింది.

రాజ్యాంగ సభలో 1947 జూలై 18న సభ్యురాలు రేణుకా రాయ్ మాట్లాడుతూ, ఈ దేశంలో స్త్రీల ఉద్యమం మొదటి నుంచీ ప్రత్యేక సదుపాయాలకు వ్యతిరేకమేనని గట్టిగా చెప్పారు. యోగ్యతకే పెద్దపీట వేసే కొత్త దేశంలో స్త్రీలకు దారి దానంతటదే తెరుచుకుంటుందన్న నమ్మకం ఆ ప్రసంగం నిండా ఉంటుంది. ఆ నమ్మకాన్ని ఇప్పుడు ఎగతాళి చేయడం సులువే, ఆ రోజులు, ఆ ఆశ మనకు లేవు మరి.

మనసు మార్చుకున్న ఇద్దరు

1971లో కేంద్ర ప్రభుత్వం మహిళల స్థితిగతుల మీద ఒక కమిటీ వేసింది. అధ్యక్షురాలు ఫూల్‌రేణు గుహ, సభ్య కార్యదర్శి వీణా మజుందార్. కమిటీ దేశమంతా తిరిగింది, లెక్కలు తీసింది. 1901లో వెయ్యిమంది మగవాళ్లకు 972 మంది ఆడవాళ్లుంటే 1971 నాటికి ఆ సంఖ్య 930కి పడిపోయిందన్న విషయం ఆ నివేదికతోనే జనం నోళ్లలో పడింది. చదువుకున్న స్త్రీలు ‘మనం బాగానే ముందుకెళ్తున్నాం’ అనుకుంటున్న కాలమది.

చట్టసభల్లో రిజర్వేషన్ సంగతి వచ్చేసరికి కమిటీలో ఎక్కువ మంది వద్దనే అన్నారు. 1974 చివర్లో సిద్ధమైన ఆ నివేదికలో వీణా మజుందార్, న్యాయశాస్త్ర ఆచార్యురాలు లతికా సర్కార్ కలిసి తమ అసమ్మతిని విడిగా రాసి జతచేశారు. ఇంత అసమానత ఉన్న సమాజంలో ఇలాంటి రక్షణలు ప్రజాస్వామ్యానికి విరుద్ధం కావని, ఆ అసమానతల్ని చీల్చుకు వెళ్లే ఈటె మొనలని దాని సారం. చెప్పుకోవాల్సిన సంగతేమిటంటే వాళ్లిద్దరూ అంతకుముందు రిజర్వేషన్ వద్దనే తరానికి చెందినవాళ్లే. ఊళ్లలో చూసినవి, విన్నవి వాళ్ల మనసు మార్చాయి.

ఆ అసమ్మతి పత్రం ఎలా సాగుతుందో గమనించాలి. అవతలివాళ్ల ఉద్దేశాలను శంకించదు. మీ సూత్రం సరైనదే, కానీ మనం చూసొచ్చిన జీవితాలకు అది సరిపోవడం లేదు అంటుంది. అధ్యక్షురాలితో, తోటి సభ్యులతో విభేదిస్తూనే అదే నివేదికలో, అదే అట్టల మధ్య చోటు తీసుకుంది. ఇరవై ఏళ్ల తర్వాత గెలిచింది ఆ ఇద్దరి మాటే. 1993 ఏప్రిల్ 24 నుంచి అమల్లోకొచ్చిన 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీల్లో మూడో వంతుకు తగ్గకుండా సీట్లు, పదవులు మహిళలకు ఇచ్చింది.

ఊళ్లో తేలిపోయిన లెక్క

పంచాయతీల దగ్గర కాసేపు ఆగాలి. పార్లమెంటులో ఏళ్ల తరబడి తేలనిది ఇక్కడ ఎప్పుడో తేలిపోయింది.

రాజ్యాంగంలోని 243డి అధికరణం ఎస్సీ, ఎస్టీలకు జనాభాను బట్టి సీట్లివ్వాలంటుంది, వాటిలో మూడో వంతు ఆ వర్గాల మహిళలకే ఉండాలంటుంది. చివర్లో ఒక చిన్న క్లాజు పెట్టి, వెనుకబడిన తరగతులకు కూడా రిజర్వేషన్ ఇచ్చుకునే వీలును రాష్ట్రాలకు వదిలింది. తెలుగు రాష్ట్రాలు ఆ వీలును వాడుకున్నాయి, మహిళల వాటాను మూడో వంతు నుంచి సగానికి పెంచుకున్నాయి కూడా. అందుకే మన దగ్గర ఎన్నికల ముందు మండలానికొక జాబితా వస్తుంది: ఒక ఊరు ఎస్టీ మహిళ, పక్క ఊరు ఎస్సీ జనరల్, ఇంకోటి బీసీ మహిళ, మరోటి జనరల్ మహిళ. తెలంగాణలో మహిళలకు ఏ ఊళ్లో తేల్చడానికి పార్టీల వాళ్ల ఎదుట డ్రా తీస్తారు. చీటీ విప్పిన అరగంటలో కబురు ఊరికి చేరుతుంది, ‘మనది బీసీ లేడీకొచ్చిందట’ అని. ఐదేళ్లుగా ఖద్దరు చొక్కాలు కుట్టించుకుంటున్న పెద్దమనిషి ఆ సాయంత్రమే భార్య ఆధార్ కార్డు వెతుక్కుంటాడు.

నవ్వుకోవడానికి బాగుంటుంది, నిజం కూడా. కానీ ఆ జాబితాలోని ‘బీసీ మహిళ’ అనే రెండు మాటలు ఎవరికీ వింతగా అనిపించవు. ఆడవాళ్ల ఐక్యత చీలిపోయిందని ఏ ఊళ్లోనూ ఎవరూ అనలేదు. చాకలి, కుమ్మరి, యాదవ, గౌడ ఇళ్ల ఆడవాళ్లు సర్పంచులయ్యారు. కొందరు భర్త చాటున ఉండిపోయారు, కొందరు రెండేళ్లలో చెక్కుబుక్కు తమ దగ్గర పెట్టుకోవడం నేర్చుకున్నారు.

పార్లమెంటులో ఇదే మాట ఎందుకు భూకంపమైంది? ఒక సాంకేతిక కారణం ఉంది. రిజర్వేషన్లలో నిలువు, అడ్డం అని రెండు రకాలుంటాయి. ఎస్సీ, ఎస్టీ, బీసీ అనేవి నిలువు గదులు, మహిళ అనేది ఆ గదులన్నింటి మీదుగా అడ్డంగా గీసే గీత. లోక్‌సభలో, అసెంబ్లీల్లో ఎస్సీ, ఎస్టీలకు గదులున్నాయి. ఓబీసీలకు గదే లేదు, మగవాళ్లకూ లేదు, ఆడవాళ్లకూ లేదు. లేని గదిలో గీత ఎలా గీస్తామన్నది ఒక పక్షం మాట. ఆడవాళ్లతోనే ఆ గది కట్టడం మొదలుపెట్టొచ్చుగా అన్నది రెండో పక్షం మాట. రెండూ ఆలోచించదగ్గవే.

1996: మంచి ప్రశ్న, చెడ్డ పొరుగు

1996 సెప్టెంబర్ 12న దేవెగౌడ ప్రభుత్వం 81వ రాజ్యాంగ సవరణ బిల్లు పెట్టింది. ఎస్సీ, ఎస్టీ సీట్లలో మూడో వంతు ఆ వర్గాల మహిళలకు, మొత్తం మీద మూడో వంతు మహిళలకు అని అందులో ఉంది. ఓబీసీ ఊసు లేదు. అప్పుడు లేచి అడిగినవాళ్లలో ఉమాభారతి ఒకరు. బిల్లును సమర్థిస్తున్న బీజేపీ సభ్యురాలే, ఓబీసీ కుటుంబంలో పుట్టిన మహిళే. వెనుకబడిన కులాల స్త్రీల మాటేమిటని ప్రధానినే నిలదీశారు.

బిల్లు గీతా ముఖర్జీ అధ్యక్షతన సంయుక్త కమిటీకి వెళ్లింది. ఆమె సీపీఐ నాయకురాలు, ఈ బిల్లు కోసం ఆఖరి దాకా పోరాడిన మనిషి. ఓబీసీ మహిళల ప్రశ్నకు ఆ కమిటీ ఇచ్చిన జవాబు: తగిన సమయంలో ప్రభుత్వం పరిశీలించవచ్చు. వాడుక మాటలో చెప్పాలంటే, ముందు ఇది కానివ్వండి, మీ సంగతి తర్వాత చూద్దాం.

ఆ జవాబు వెనుక కపటం ఉందని నేననుకోను. చేతికందబోతున్నది జారిపోతుందేమోనన్న భయం ఉంది, ఆ భయానికి కారణాలూ ఉన్నాయి. ఓబీసీ కోటా అడిగినవాళ్లలో చాలామంది నోరు చూస్తే ఎవరికైనా అనుమానం రాకమానదు. 1997లో లోక్‌సభలో శరద్ యాదవ్ బిల్లును కోరే స్త్రీలను ‘పర్‌కటీ’ అన్నారు, అంటే జుట్టు కత్తిరించుకున్న బాపతు అని. ఆ పట్నం ఆడవాళ్లు మా పల్లె ఆడవాళ్ల గురించి ఏం మాట్లాడతారు అన్నది ఆయన వరస. 1998 జూలైలో న్యాయశాఖ మంత్రి తంబిదురై బిల్లు ప్రవేశపెట్టబోతే ఆర్జేడీ సభ్యుడొకరు వెల్‌లోకి దూకి, ప్రతిని లాక్కుని చించేశారు. అప్పటి స్పీకర్ మన అమలాపురం జి.ఎం.సి. బాలయోగి. సభలో ఓ బిల్లు ముక్కలై నేలపాలవడం ఆయన చూడాల్సి వచ్చింది. పదేళ్ల తర్వాత, 2008 మే 6న రాజ్యసభలో బిల్లు మళ్లీ వచ్చినప్పుడు మంత్రి చేతిలో కాగితాలు దక్కించుకోవడానికి మహిళా సభ్యులు చుట్టూ కాపలా కాశారు. మీదికొచ్చిన సమాజ్‌వాదీ సభ్యుణ్ణి ఖమ్మం ఎంపీ, మహిళా శిశు సంక్షేమ మంత్రి రేణుకా చౌదరి అడ్డుకుని పక్కకు తోసేశారు. టీవీలో అందరూ చూశారు.

ఇలాంటి మనుషులు పల్లవిగా పాడుతున్న మాటను స్త్రీవాదులు నమ్మలేదు. బిల్లును ముంచడానికి వేసిన ఎత్తు అనుకున్నారు. చాలామంది విషయంలో ఆ అంచనా కరెక్టే. అయితే అక్కడొక పొరపాటు జరిగిందని నా అభిప్రాయం. ప్రశ్నను వాడుకునేవాడి దుర్బుద్ధి ప్రశ్నకు కూడా అంటగట్టేశారు. ఉమాభారతి అడిగినా, దళిత బహుజన స్త్రీలు అడిగినా, బిల్లు చించినాయన అడిగినా ఒకటే సమాధానం వచ్చింది: ఇది సాగదీసే పన్నాగం. నిజంగా అడుగుతున్న మనిషికి ఆ మాట ఎలా తగులుతుందో ఆలోచించండి. తనను అవమానించేవాళ్లతో తనను జతకట్టి, ఆ జతను చూపించి తన నోరు మూయించడం అది.

పైగా ‘తర్వాత చూద్దాం’ అనే మాట ఆడవాళ్లకు కొత్తది కాదు. జాతీయోద్యమంలో స్వాతంత్ర్యం ముందు, మీ సమస్య తర్వాత అన్నారు. వామపక్షాల్లో వర్గపోరాటం ముందు, ఆడవాళ్ల పీడన తర్వాత అన్నారు. ఆ ‘తర్వాత’ మీద తిరగబడే 1970ల చివర్లో హైదరాబాద్‌తో సహా చాలాచోట్ల స్వతంత్ర మహిళా సంఘాలు పుట్టాయి. అలా పుట్టిన ఉద్యమమే బీసీ స్త్రీతో అదే మాట అనేసరికి ఆమెకు ఎక్కడో కాలింది.

ఆ అపనమ్మకానికి ఇంకా దగ్గరి చరిత్ర కూడా ఉంది. 1990లో వెనుకబడిన తరగతులకు ఉద్యోగాల్లో రిజర్వేషన్ ఇవ్వాలన్న మండల్ కమిషన్ సిఫార్సుల అమలు ప్రకటించగానే జరిగిన ఆందోళనల్లో కాలేజీ అమ్మాయిలు ‘మాకు నిరుద్యోగి మొగుళ్లు వద్దు’ అనే అర్థమొచ్చే ప్లకార్డులు పట్టుకున్నారు. ఆ అమ్మాయిల ఊహలో ఉద్యోగం సంపాదించిన బీసీ కుర్రాడు మొగుడయ్యే అవకాశమే లేదు, గమనించండి. హైదరాబాద్‌లో పనిచేసిన స్త్రీవాద విమర్శకులు సూసీ తారు, తేజస్విని నిరంజన 1990లలో దీని మీద రాశారు. స్త్రీ అనగానే మన మనసులో మెదిలే మనిషికి కులం, మతం ఉండవనుకుంటాం, కానీ ఆమె ఎక్కువగా అగ్రవర్ణ హిందూ స్త్రీయే అన్నది వాళ్లు పట్టుకున్న ముడి. అది స్త్రీవాదం లోపలి నుంచి వచ్చిన విమర్శ. బయటివాడి తిట్టు కాదు కాబట్టి తోసిపుచ్చడానికి వీల్లేకపోయింది. తెలుగులో దళిత స్త్రీలు అప్పటికే ఈ మాట కవిత్వంలో సూటిగా అడుగుతున్నారు, మీ వంటింటి బాధల్లో మా పొలం బాధలెక్కడ అని.

ఓబీసీ మగ నాయకుల గోల మొత్తం స్త్రీద్వేషమే అనుకోవడం కూడా తొందరపాటే. ఉత్తరాదిలో వెనుకబడిన కులాల నాయకులు లోక్‌సభలో గట్టిగా కనిపించడం మొదలైంది 1990లలోనే. తరాల తర్వాత తలుపు తెరుచుకున్న మరుక్షణం మూడో వంతు కుర్చీలు మారుస్తామంటే, ఆ కుర్చీల్లోకి తమ ఇళ్ల ఆడవాళ్లు కాకుండా చదువూ డబ్బూ పరిచయాలూ ఉన్న ఇళ్ల ఆడవాళ్లు వస్తారని వాళ్లు భయపడ్డారు. ‘పర్‌కటీ’ అన్న బూతు కింద పూడుకుపోయిన సహేతుకమైన భయం అది. దాన్ని బూతులాగే చెప్పింది మాత్రం వాళ్లే, ఆ బాధ్యత వాళ్లదే.

దీనికి అవతలి పక్షం ఇచ్చిన మంచి జవాబొకటి సరిగ్గా వినబడలేదు. ఓబీసీ మగవాళ్లు కోటా లేకుండానే గెలుస్తున్నారు కదా, కులాల లెక్క చూసుకోకుండా ఏ పార్టీ టికెట్ ఇవ్వదు కదా, అలాంటప్పుడు మహిళా సీటులో కూడా అదే లెక్కతో బీసీ స్త్రీకే టికెట్ ఇస్తారు అన్నది ఆ వాదన. కొంత నిజముంది. కొంతే. లెక్క చూసి టికెట్ ఇచ్చేటప్పుడు ‘గెలుపు గుర్రం’ అనే ఇంకో లెక్క కూడా ఉంటుంది, అక్కడ ఖర్చు పెట్టగలిగే ఇంటి కోడలిదే పైచేయి.

ఒకే ఒక్క ‘నో’

పద్ధతి మీద వచ్చిన విభేదాన్ని కూడా కొంచెం చెప్పాలి. 2010 మార్చి 9న రాజ్యసభ బిల్లును 186 ఓట్లతో ఆమోదించింది. వ్యతిరేకంగా పడింది ఒక్క ఓటు. ఆ ఒక్కడు ఎవరో పురుషాహంకారి అనుకుంటాం. అది మహారాష్ట్ర రైతు నాయకుడు శరద్ జోషి ఓటు. 1986లో చాందవడ్‌లో లక్షలాది రైతు స్త్రీలతో సభ పెట్టిన మనిషి, భర్తలు తమ పొలంలో భాగం భార్యల పేర రాయాలని ‘లక్ష్మీ ముక్తి’ ఉద్యమం నడిపిన మనిషి. ఆయన అభ్యంతరం రొటేషన్ మీద. ఒక ఎన్నికలో ఈ మూడో వంతు, తర్వాతి ఎన్నికలో ఇంకో మూడో వంతు అని లాటరీ తిప్పితే, గెలిచిన స్త్రీకి అదే నియోజకవర్గంలో రెండోసారి నిలబడే హామీ ఉండదు, పని చేసి పేరు తెచ్చుకోవాలనే ఉత్సాహమూ ఉండదు.

దీనికి ప్రత్యామ్నాయంగా ‘మానుషి’ పత్రిక సంపాదకురాలు మధు కిష్వర్, రాజకీయ పరిశీలకులు యోగేంద్ర యాదవ్, ధీరూభాయ్ షేఠ్, మన లోక్‌సత్తా జయప్రకాశ్ నారాయణ్ కలిసి ఒక ముసాయిదా తయారుచేశారు. సీట్లు కాదు, పార్టీలు ఇచ్చే టికెట్లలో కోటా పెట్టాలన్నది వాళ్ల సూచన. ఓడిపోయే సీట్లు అంటగడతారని కొందరు స్త్రీవాదులు దాన్ని కొట్టేశారు. ఒక్కో నియోజకవర్గానికి ఇద్దరు సభ్యులను పెట్టి ఒకరు మహిళ అందామన్న సలహా కూడా వచ్చింది. ఆ ఇద్దరు సభ్యుల పద్ధతి మనకు పాతదే. 1957లో పార్వతీపురంలో ఒకటి జనరల్, ఒకటి ఎస్టీ సీటు. గిరిజన అభ్యర్థే జనరల్ సీటు కూడా గెలిచేసరికి ఓడిపోయిన వి.వి. గిరి సుప్రీంకోర్టు దాకా వెళ్లారు, అక్కడా ఓడారు. ఆ తర్వాత 1961లో పార్లమెంటు ఆ పద్ధతినే ఎత్తేసింది.

శరద్ జోషి వేసిన ఒంటరి ఓటు ఊరికే పోలేదనిపిస్తుంది. 2023 చట్టంలో సీట్ల మార్పిడి ప్రతి ఎన్నికకూ ఉండదు, ప్రతి డీలిమిటేషన్ (నియోజకవర్గాల పునర్విభజన) తర్వాతే ఉంటుంది. ఆయన పేరెత్తి మరీ చేశారని కాదు, కానీ ఆ అభ్యంతరానికి జవాబు చట్టంలోకి వచ్చింది. గొంతు పెంచకుండా, కారణం చెప్పి వేసిన ‘నో’కి ఆ మాత్రం విలువ దక్కింది.

ఎవరు నిజంగా అడుగుతున్నారు?

అడిగేవాడి నిజాయితీ తేల్చడం అసాధ్యమేమీ కాదు. మనసులోకి తొంగి చూడక్కర్లేదు, చేతిలో ఉన్నది చేశాడా లేదా చూస్తే చాలు. బీసీ స్త్రీల కోసం బిల్లు చించిన పార్టీలకు తమ టికెట్లలో బీసీ స్త్రీలకు మూడో వంతు ఇవ్వడానికి ఏ చట్టం అడ్డొచ్చింది? బిల్లుకు జై కొట్టిన పార్టీలదీ అదే సంగతి. 2019లో ఒడిశాలో బిజూ జనతాదళ్ 21 లోక్‌సభ టికెట్లలో 7 మహిళలకు ఇచ్చింది, ఐదుగురు గెలిచారు. తృణమూల్ 42లో 17 ఇచ్చింది. చట్టం రాకముందే చేసి చూపించారు.

మన దగ్గర? 2023 మార్చిలో అప్పటి బీఆర్ఎస్ నేత కవిత ఈ బిల్లు కోసం ఢిల్లీలో నిరాహార దీక్ష చేశారు. అదే ఏడాది ఆగస్టులో ఆ పార్టీ 115 మంది అభ్యర్థుల జాబితా ఇస్తే అందులో మహిళలు పదిమంది కూడా లేరు. తెలంగాణ తొలి ప్రభుత్వంలో ఒక్క మహిళా మంత్రి లేరు, 2019 సెప్టెంబర్ దాకా ఆగాల్సి వచ్చింది. ఒక్క పార్టీని పట్టుకుని ఎందుకంటే, డిమాండుకూ జాబితాకూ మధ్య దూరం అక్కడ కొలవడానికి వీలుగా ఉంది. మిగతావాళ్ల జాబితాలు తిరగేసినా పెద్ద తేడా దొరకదు.

ఈ పరీక్షలో ఇంకో సదుపాయం ఉంది. ప్రశ్నను ప్రశ్నగా ఉంచుతుంది. అడిగినవాడు పరీక్షలో తప్పినా బీసీ స్త్రీ వాటా సంగతేమిటన్నది అక్కడే ఉంటుంది, దానికి విడిగా జవాబు చెప్పాల్సిందే.

చివరికి 2023 సెప్టెంబర్ 20న లోక్‌సభలో 454 మంది ఔనన్నారు, ఇద్దరు కాదన్నారు. ఆ ఇద్దరిలో ఒకరు హైదరాబాద్ ఎంపీ అసదుద్దీన్ ఒవైసీ. ఓబీసీ, ముస్లిం మహిళలకు వాటా లేదన్నది ఆయన కారణం. మర్నాడు రాజ్యసభలో ఒక్క వ్యతిరేక ఓటూ లేదు. లోక్‌సభ చర్చలో సోనియా గాంధీ బిల్లును సమర్థిస్తూనే ఓబీసీ మహిళలకు ఉపకోటా కావాలన్నారు. 2010లో రాజ్యసభ ఆమోదించిన తమ ప్రభుత్వ బిల్లులో ఆ కోటా పెట్టనందుకు విచారిస్తున్నానని రాహుల్ గాంధీ ఆ వారంలోనే ఒప్పుకున్నారు. ఉమాభారతి తన 1996 నాటి మాటనే మళ్లీ అన్నారు, ఈసారి సొంత పార్టీ తెచ్చిన బిల్లు మీద అసంతృప్తిగా.

వాదన ఇరవై ఏడేళ్లలో ఒక్క అక్షరం మారలేదు. అన్నవాళ్లు మారారు. అప్పుడు పన్నాగం అనిపించుకున్న మాట ఇప్పుడు సామాజిక న్యాయం అనిపించుకుంది. రాజకీయ అవసరం కొంత, కాదనను. కానీ 1996లోనే ఎవరో ఒకరు కూర్చుని ‘మీరు అడిగింది సరైనదే, అయితే ఈ సవరణలో దాన్ని ఎలా ఇమడ్చాలో కలిసి చూద్దాం’ అని ఉంటే, అడ్డుకునేవాళ్ల చేతిలో ఆ ఆయుధం ఉండేది కాదు.

చట్టం వచ్చింది గానీ అందులో గడియారం ఇంకో చోట పెట్టారు. కొత్త జనగణన, దాని తర్వాత డీలిమిటేషన్ జరిగాకే అమలు అని 2023లో రాశారు, అమలు మొదలయ్యాక గడువు పదిహేనేళ్లు. ‘ఎప్పటి నుంచి’ అనే నాలుగో ప్రశ్నకు దొరికిన జవాబది. ఈలోగా 2025 ఏప్రిల్ 30న కేంద్ర మంత్రివర్గ రాజకీయ వ్యవహారాల కమిటీ రాబోయే జనగణనలో కులాల లెక్క కూడా తీయాలని నిర్ణయించింది. దేశంలో ఎక్కువ భాగానికి ఆ లెక్క తేదీ 2027 మార్చి 1. ఇన్నాళ్లూ ఓబీసీ మహిళల వాటా అడిగినప్పుడల్లా చేతికందే సాకు ఒకటుండేది, ఎంతమంది ఉన్నారో మన దగ్గర లెక్కలే లేవు కదా అని. ఆ సాకు ఇక పనికిరాదు.